నాలుక లేని తాళం

ఎర్రజెండా 331వ రోజు

ఈ పుస్తకం మండలి వాళ్ళు ఇచ్చింది. రోజుకి ఎన్ని మాస్కులు బాగుచేశాను, ఎన్ని వడపోత గుడ్డలు మార్చాను, పొగ గదిలో ఎంతమంది దగ్గారు, అంతవరకే రాయాలట. రాస్తున్నాను. మాస్కులు పంతొమ్మిది, గుడ్డలు నలభై, దగ్గినవాళ్ళు ఇద్దరు. వాళ్ళకి కావలసింది అయిపోయింది. మిగతా పేజీ నాది. నచ్చనివాడు పుస్తకం మూసేసుకోవచ్చు.

ఇవాళ మార్చిన నలభై గుడ్డలూ తెల్లగానే ఉన్నాయి. పైనించి బూజుధూళి దిగుతున్నన్నాళ్ళే ఎర్రజెండా ఉండాలి. ఆ ధూళి పట్టిన గుడ్డ ఆకుపచ్చగా మారి తడిగోడ వాసన వేస్తుంది. అలాంటిది నా బల్ల మీదికి వచ్చి డెబ్భై రోజులు దాటింది. పక్క బల్ల దగ్గర గుడ్డలు కుట్టే ఖాశింబీకి చూపించాను.

"ఉతికిన తలగడ గలేబుల్లాగా ఉండాయి గదక్కా" అంది.

"మరి జెండా ఎందుకు దించరంటావ్?"

"నన్నడుగుతావేంది? నేనెక్కించానా?"

పొగ గది అంటే నా బల్ల వెనకున్న చిన్న గది. కొత్త మాస్కు బిగించిన ప్రతి మనిషినీ అందులో నిలబెట్టి, కుంపటి మీద పది ఎండుమిరపకాయలు వేసి తలుపు మూస్తాను. ఘాటు లోపలికి దూరితే దగ్గుతారు. దగ్గితే మాస్కు మళ్ళీ బిగించాలి. పదమూడేళ్ళుగా ఇదే నా పని. నేను బిగించిన మాస్కులో ఉండి బూజు పట్టి చనిపోయిన మనిషి పన్నెండు మెట్లుగా ఊరు కట్టుకున్న ఈ గుంతలో ఒక్కడు లేడు. గొప్పకి రాయడం లేదు. మస్తానమ్మకి మాస్కంటే గిట్టదు అని రేపు ఎవడైనా అంటాడేమోనని రాస్తున్నాను.

నాకు గిట్టనిది తాళం.

ఎర్రజెండా 334వ రోజు

సాయంత్రం గంట కొట్టారు. నాలుగో మెట్టువాళ్ళం రెండు వందల పద్నాలుగు మందిమి భోజనశాల ముందు వరస కట్టాం. తాళాలాయన పరంధామం గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి మెడ వెనక తాళం తీసి లోపలికి పంపాడు. లోపల గాలి శుభ్రంగా ఉంటుంది. గంటసేపు తిని, ముఖం కడుక్కుని, బయటికి వస్తూ మళ్ళీ తాళం వేయించుకోవాలి. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. మిగతా ఇరవై రెండు గంటలూ, నిద్రలో కూడా, ముఖం మాది కాదు.

ఎవరి తాళం వాళ్ళు తీసుకోకూడదనే, సొంత చేత్తో తాళంచెవి తిప్పడానికి వీల్లేకుండా దాన్ని మెడ వెనక పెట్టారు. మా మెట్టు తాళాలన్నిటికీ తాళంచెవి ఒకటే. అది ఎప్పుడూ పరంధామం గుండెల మీద గొలుసుకి వేలాడుతూ ఉంటుంది.

ఈ తాళం ఎవడో ఆకాశంనించి దిగి మాకు వెయ్యలేదు. అడిగి వేయించుకున్నాం. రెండేళ్ళ కిందట, ధూళి జోరుగా దిగుతున్న రోజుల్లో, ఆరో మెట్టు మీద పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురి ముఖం చూడాలని కొందరు, ఫొటో దిగాలని కొందరు, మొత్తానికి అందరూ మాస్కులు తీసేశారు. పద్దెనిమిది మంది పోయారు. బూజు ఒకరి ఊపిరినించి ఒకరికి అంటుతుంది, పోయినవాళ్ళలో ఆ పెళ్ళికి వెళ్ళని చంటిపిల్లలూ ఉన్నారు. అప్పుడు మేమే మండలికి అర్జీ పెట్టాం, మాస్కుకి తాళం వెయ్యమని. ఏడో వరసలో నా వేలిముద్ర ఉంటుంది. రాయడం వచ్చినా మెట్లవాళ్ళకి వేలిముద్రే.

వెంగయ్య వద్దన్నాడు. వెంగయ్య నా మొగుడు. "మాస్కు పెట్టుకోమని చెప్పండి, పెట్టుకోనోణ్ణి నాలుగు తిట్టండి, జరిమానా ఎయ్యండి. మడిసి మెడకి తాళం ఏందే?" అన్నాడు.

"నువ్వూరుకో. పైనోళ్ళకి తెలవదా ఏంది" అన్నాను నేను. నా నోరు పడిపోను.

ఎర్రజెండా ఎక్కినప్పుడు తొంభై రోజులు మాత్రమే తాళం, ఆపైన కావాలంటే మెట్లవాళ్ళని అడగాలి అని అర్జీలో రాసుకున్నాం. తొంభై అయ్యాక మండలి తనని తానే అడుక్కుని, తనే సరేనంది. నూట ఎనభైకీ అంతే. రెండు వందల డెబ్భైకీ అంతే.

ఎర్రజెండా 338వ రోజు

యాభై రోజులైంది కాబట్టి ఇవాళ రాస్తాను.

వెంగయ్య నీటికాలవలో పూడిక తీసే పని చేసేవాడు. 288వ రోజు మధ్యాహ్నం మూడింటికి కడుపు తిప్పుతోందని నా బల్ల దగ్గరికి వచ్చాడు. కూర్చోబెట్టేలోపే మాస్కులో వాంతి చేసుకున్నాడు. అది బయటికి పోయే దారి లేదు. నేనూ ఖాశింబీ చెరో రెక్కా పట్టుకుని భోజనశాలకి ఈడ్చుకుపోయాం. పరంధామం గుమ్మంలోనే ఉన్నాడు.

"అయ్యా, తాళం తియ్యండయ్యా, ఊపిరాడటంలా" అన్నాను.

"ఇంకా గంట కొట్టలేదమ్మా. వేళ కాని వేళ తియ్యాలంటే పైనించి ఆర్డరు రావాలి. మనిషిని పంపిస్తాను."

"అయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా!"

"రూలు నేను పెట్టానా? ఒకరికి తీస్తే రేపు అందరూ వస్తారు."

తాళంచెవి నా ముఖానికి జానెడు దూరంలో వేలాడుతోంది. దాన్ని పట్టుకుని లాగబోయాను. బంట్రోతులిద్దరూ నా చేతులు వెనక్కి విరిచిపట్టారు. వెంగయ్య నేల మీద మడమలు తన్నుకున్నాడు. తరవాత తన్నుకోవడం మానేశాడు. ఆర్డరు ఇరవై ఆరు నిమిషాలకి వచ్చింది. పరంధామం దాన్ని మొదటినించి చివరిదాకా చదివి, సంతకం పెట్టి, అప్పుడు తాళం తీశాడు. తీసినట్టు నా చేత వేలిముద్ర వేయించుకున్నాడు.

ఆ రోజునించి నాకు ఏడుపు రాలేదు. తింటుంటే కోపం, కుడుతుంటే కోపం, తల దువ్వుకుంటుంటే కోపం. వరసలో నా మెడ వెనక అతని వేళ్ళు తగిలినప్పుడల్లా, ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విరిచెయ్యాలనిపిస్తుంది. విరవను. ఇంట్లో మా అత్త ఉంది.

ఎర్రజెండా 341వ రోజు

మా అత్త ఆదెమ్మకి దగ్గు ఎక్కువైంది. బూజు కాదు, వట్టి ఆయాసం, వయసు మీదపడి వచ్చే కఫం. దగ్గితే కఫం ఉమ్మాలి. మాస్కులో ఎక్కడికి ఉమ్మేది? మింగుతుంది. మింగలేనప్పుడు కళ్ళు తేలేసి నా చెయ్యి పట్టుకుంటుంది. కొడుకు ఎలా పోయాడో ఆమెకి తెలుసు. అలాగే పోతానని ఆమె భయం, నా భయం కూడా.

వైద్యుడి చీటీ పట్టుకుని పొద్దున పరంధామం దగ్గరికి వెళ్ళాను. ముసలామెకి తాళం ఒక్కటి తీసెయ్యండి, మాస్కు మాత్రం పొద్దస్తమానం పెట్టుకునే ఉంటుంది, దానికి పూచీ నాది అన్నాను. అతను చీటీ తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నీ పూచీతో ఊరు నడవదమ్మా" అన్నాడు. నోట్లో ఏదో నములుతున్నట్టు మాట ముద్దగా వచ్చింది.

ఇంటికొచ్చాక మా అత్త అడిగింది. "ఏమన్నాడు సచ్చినోడు?"

"చూస్తానన్నాడు."

"చూస్తాడు చూస్తాడు. నా కొడుకుని చూళ్ళా?" అంది. ఆ తరవాత దగ్గు మొదలై మాట్లాడలేకపోయింది.

ఎర్రజెండా 347వ రోజు

ఇవాళ రాసేది ఎవరైనా చదివితే నా పని అయిపోయినట్టే. అయినా రాస్తున్నాను.

అధికారుల మాస్కులు పై మెట్టు మీద ఒక ముసలాయన బాగుచేస్తాడు. ఆయనకి చేతులు వణుకుతున్నాయట. బంట్రోతు గోనెసంచి తెచ్చి నా బల్ల మీద పడేశాడు. పదకొండు మాస్కులు. అధికారులకి తలా రెండు ఉంటాయి, ఒకటి బాగుకి ఇచ్చి ఒకటి పెట్టుకుంటారు.

"రబ్బరు అంచులు మార్చు, అంతే. తాళం డబ్బీలు ముట్టుకోబాక. లక్క ముద్రలుండాయి" అన్నాడు.

ముట్టుకోవాలని నాకేం లేదు. అంచు మార్చి, సరిగ్గా పడుతుందో లేదోనని ఒక మాస్కు తాళం నొక్కాను. టక్ అంది. ఊరుకుంది. మా తాళాలు రెండుసార్లు చప్పుడు చేస్తాయి. మొదటిది స్ప్రింగు, రెండోది లోపల జారి పట్టుకునే ఇనప ముక్క. దాన్ని మేం నాలుక అంటాం. ఇక్కడ ఆ రెండో చప్పుడు లేదు.

లక్క కింద వేడి రేకు దూరిస్తే ముద్ర చెక్కు చెదరకుండా లేస్తుంది. ఈ సంగతి ప్రతి మాస్కుపనివాడికీ తెలుసు, ఎవడూ బయటికి చెప్పడు. డబ్బీ తెరిచాను. నాలుక లేదు. అది విరగలేదు, అరగలేదు. అసలు పెట్టనే లేదు. ఆ మాస్కు లాగితే టోపీలా ఊడి వచ్చేస్తుంది. మిగతా పదీ అంతే. మూడోదాని లోపల పరంధామం పేరు ఉంది, అంచు నిండా వక్క మరకలు.

ఖాశింబీ నా భుజం మీదినించి చూసింది. 

"మూసెయ్యక్కా. మనం చూళ్ళా. పిల్లలు గలదాన్ని నేను" అంది. మళ్ళీ తనే, "అంటే ఆ రోజు అన్న తన్నుకుంటంటే, ఆయన మూతికున్నది ఉత్త బొమ్మ తాళమా?"

"ఊఁ."

అప్పుడు ఖాశింబీ తిట్టిన తిట్టు నేను ఈ పుస్తకంలో రాయను.

ఎర్రజెండా 349వ రోజు

రెండు రోజులుగా ఆలోచించాను. ఎవరికి చెప్పాలి? ఫిర్యాదుల పెట్టె మండలి గుమ్మంలో ఉంది, దాన్ని తెరిచేది వాళ్ళే. మెట్టుమీద అందరికీ డబ్బీ తెరిచి చూపిస్తే, నువ్వే పీకేశావంటారు. ముద్ర లేపింది నేనేగా.

చనిపోయినవాళ్ళ మాస్కులు విప్పి ఇనుము వేరు చెయ్యడం కూడా నా పనే. వెంగయ్య మాస్కు విప్పలేదు. ఇవాళ విప్పాను. కడిగినా ఆ వాసన ఇంకా ఉంది. అతని తాళంలోంచి నాలుక తీసి, నూనె రాసి, పరంధామం మాస్కు డబ్బీలో బిగించాను. టక్, టక్. ముద్ర మళ్ళీ అంటించాను.

ప్రతి మనిషి మాస్కుకీ తాళం ఉండాలని వాళ్ళే రాశారు. ఉండాల్సినది లేకపోతే పెట్టాను, అదే నా ఉద్యోగం. దీని గురించి అతను ఎవరికీ చెప్పుకోలేడు. నా మాస్కు ఊడటం లేదు మొర్రో అని ఏ నోటితో అంటాడు?

మిగతా పదీ ముట్టుకోలేదు. వాళ్ళు నాకేం అయ్యారని? నాకు కావలసింది ఒక్కడే. అతను చావాలనుకున్నానా అంటే, అనుకున్నాను. అబద్ధం దేనికి? లోపల ముఖం ఉడికి, దురద పుట్టి, గోక్కోవడానికి లేక, వాంతి వస్తుందేమోనని గడగడలాడాలి. ఆ తరవాత చస్తే చావాలి.

ఎర్రజెండా 356వ రోజు

పొద్దున వరసలో మా అత్తకి దగ్గు తెర వచ్చింది. పెదాలు కనపడవు గానీ గోళ్ళు నీలంగా అయిపోయాయి. ముందున్నవాళ్ళు మాకు దారి ఇచ్చారు. పరంధామం ఇవ్వలేదు, గంట కొట్టేదాకా తాళంచెవి పట్టుకుని నిలబడే ఉన్నాడు. గంట కొట్టగానే తీశాడు. ఆమె బొచ్చెలో ఉమ్మి, గోడకి ఆనుకుని, అరగంటదాకా ఏమీ తినలేదు. ఇంకోసారి వస్తే ఉండదని వైద్యుడు నా చెవిలో చెప్పాడు.

360వ రోజున గుంత అడుగున కొత్త ఆర్డరు చదువుతారట. ఈసారి తొంభై కాదు, జెండా ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు. జెండా దించేది వాళ్ళే.

ఎర్రజెండా 360వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను. అక్షరాలు వంకర పోతే నవ్వకండి.

పొద్దున ఎనిమిదింటికి పరంధామం తన మాస్కు కోసం స్వయంగా వచ్చాడు. పాతది టోపీ తీసినట్టు తీసి బల్ల మీద పెట్టాడు. నా ఎదుట దాచాలని కూడా అనుకోలేదు, నేనేం చెయ్యగలనని ధీమా. గాలి శుభ్రంగా ఉందని అతనికీ తెలుసు. గడ్డం తాజాగా గీసుకుని ఉన్నాడు. బుగ్గలో వక్క.

మాస్కు లోపలికి వక్క వేసుకుని ఎవరూ వెళ్ళరు. ఉమ్మడానికి లేదు కదా. తీసుకోవచ్చులే అనుకున్నవాడే అలా వేసుకుంటాడు. నేను చూశాను. వక్క ఉమ్మెయ్యండి అని చెప్పడం నా పని. చెప్పలేదు. మాస్కు తొడిగి, మెడ వెనక నొక్కాను. టక్, టక్. అతనికి ఆ తేడా తెలియలేదు. ఇన్నాళ్ళూ మా అందరి మెడల దగ్గరా రోజుకి నాలుగు వందలసార్లు విన్నాడు, ఒక్కసారీ పట్టించుకోలేదు.

తొమ్మిదింటికి అందరం గుంత అడుగుకి దిగాం. మధ్యలో జెండాకర్ర, దాని కింద రాతి అరుగు. అరుగు మీద పరంధామం, బంట్రోతులు. నేను మా అత్తని అరుగు పక్కనే కూర్చోబెట్టాను, ఎక్కువసేపు నిలబడలేదు కాబట్టి. అతను చదవడం మొదలుపెట్టాడు. జెండా ఉన్నంతకాలం తాళం ఉంటుంది. వేళ కాని వేళ తాళం తీసినవాళ్ళు ఎవరైనా సరే, ఎవరికోసమైనా సరే, అధికారి చేతిలోంచి తాళంచెవి తీసుకున్నా సరే, ఏడాదిపాటు గుంత బయటికి గెంటేస్తారు. ఈ చివరి ముక్క నా వైపు చూసి రెండుసార్లు చదివాడు.

చదివి, అలవాటుగా జెండాకర్ర వెనక్కి తిరిగి, కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ప్రతిసారీ అలాగే చేస్తాడు. చెమట తుడుచుకుంటున్నాడనుకునేవాళ్ళం. ఇవాళ కండువా వెనక మోచెయ్యి ఒకసారి కదిలింది. మళ్ళీ కదిలింది. మూడోసారి గట్టిగా గుంజాడు. కండువా జారి కింద పడింది. రెండు చేతులా మాస్కు పట్టుకుని కిందికి లాగుతున్నాడు, బిగుసుకున్న డబ్బా మూత రానట్టు.

నాలుగు వైపులా మెట్ల మీద జనం.  తాళం ఉన్న మాస్కుని అలా లాగేవాడు ఈ గుంతలో లేడు, పసిపిల్లలక్కూడా తెలుసు అది రాదని. అతనికి తెలియదు. అందరికీ ఒక్కసారే అర్థమైంది.

"అబ్బో! ఇన్నాళ్ళూ లాగితే వచ్చేదన్నమాట!" అని వెనకనించి ఎవరో అరిచారు.

అప్పుడతను ఊపిరి గట్టిగా పీల్చాడు. వక్క గొంతులోకి పోయింది. గురగురమని శబ్దం. మోకాళ్ళ మీద కూలాడు. మెళ్ళో గొలుసు తెంపి తాళంచెవి బంట్రోతు వైపు చాపాడు. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఆర్డరు తెస్తానయ్యా, ఇప్పుడే తెస్తా!" అని మెట్లెక్కి పరుగుతీశాడు. రెండోవాడు వాడి వెనకే పోయాడు.

పరంధామం తాళంచెవి జనం వైపు చాపాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఒక్క చెయ్యి ముందుకి రాలేదు. గెంటేస్తామని అప్పుడే చదివాడుగా. ఆఖరికి నా వైపు చాపాడు. మాస్కు గాజులోంచి అతని కళ్ళు కనపడ్డాయి. ఆ కళ్ళు అలా చూడటానికే నేను డెబ్భై రెండు రోజులు బతికాను. నా ఒళ్ళంతా చల్లబడినట్టు, హాయిగా ఉంది. రాయకూడదేమో, కానీ ఉంది.

తాళంచెవి తీసుకున్నాను.

తీసుకుని, వెనక్కి తిరిగి, మా అత్త మెడ వెనక పెట్టి తిప్పాను. ఆమె మాస్కు పైకెత్తి, నోరారా దగ్గి, రాళ్ళ మీద ఉమ్మింది. దాదాపు ఏడాదిలో ఆరుబయట ఆమె ముఖం చూడటం అదే మొదలు. బుగ్గల మీద పుండ్లు కట్టిన గీతలు. తరవాత ఖాశింబీ తాళం తీశాను. ఖాశింబీ నా తాళం తీసి, తాళంచెవి వెనకాలాయనకి ఇచ్చింది. ఆయన పక్కామెకి తీశాడు. అది మా మెట్టువాళ్ళలో చేతులు మారుతూ పైకి పోతుంటే టక్, టక్ మని చప్పుడు. ఎంతమందిని గెంటుతారు?

పరంధామం పక్కకి ఒరిగాడు. ఇంకా గురగురమంటున్నాడు, సన్నగా.

"ఆ తాళంచెవి ఇటివ్వండి" అని అరిచాను. అది చేతులు మారి మళ్ళీ నా దగ్గరికి వచ్చింది.

మా అత్త నా కొంగు పట్టుకుంది. "అప్పుడే తియ్యబాక. కాసేపు చూడనీ" అంది.

ఆగాను. ఆమె కోసమో, నా కోసమో, ఆగాను. అతని మడమలు నేలకి కొట్టుకున్నాయి. నేను బిగించిన నాలుక వెంగయ్యది. అది ఒకసారి మనిషిని చంపింది, నేనూ వేలిముద్ర వేసిన తాళం అది. మళ్ళీ నా చేత్తోనే ఇంకో మనిషిని చంపుతోంది. వెంగయ్య ఉంటే ఏమనేవాడో ఆలోచించాల్సిన పని కూడా లేదు, రెండేళ్ళ కిందటే అన్నాడు. ఆ ముండమోపి తాళం ఇంకెవరినీ తినడానికి వీల్లేదనిపించింది. పరంధామం మీద జాలి కాదు. జాలి ఆవగింజంత లేదు.

తాళం తీశాను. మాస్కు పీకి, బోర్లా తిప్పి, వీపు మీద ఎంత బలముందో అంత బలంతో గుద్దాను. వక్క బయటపడేదాకా ఆరు. పడ్డాక ఇంకో నాలుగు.

ఎర్రజెండా 361వ రోజు

మండలివాళ్ళు ముగ్గురు నా బల్ల దగ్గరికి దిగి వచ్చారు. పన్నెండో మెట్టు దిగి నాలుగో మెట్టుకి మండలివాళ్ళు రావడం నేను పుట్టాక ఇదే. ముగ్గురూ మాస్కులు పెట్టుకునే వచ్చారు, పాపం.

"అధికారి మాస్కులో నువ్వు ఏదో మార్చావటగా?" అన్నాడు పెద్దాయన.

"మార్చలేదయ్యా. లేనిది పెట్టాను. మీదొకసారి ఇవ్వండి, చూసి చెప్తాను" అన్నాను.

చుట్టూ మా మెట్టువాళ్ళు నిలబడి ఉన్నారు. ఖాశింబీ కత్తెర చేత్తో పట్టుకునే ఉంది. పెద్దాయన చెయ్యి అనుకోకుండా తన మెడ వెనక్కి పోయింది. అది అందరూ చూశారు.

తయారీలో లోపమని రాసి వేలిముద్ర వెయ్యి, నీ పని నీకుంటుంది అన్నాడు రెండో ఆయన మెల్లగా. అర్జీ మీద వేలిముద్ర వేసి మొగుణ్ణి పోగొట్టుకున్నాను, అతను పోయాక ఇంకోటి వేశాను, మూడోది వెయ్యనని చెప్పాను. ఈ మాట అరిచి చెప్పాను.  వాళ్ళు కాగితం మడుచుకుని మెట్లెక్కిపోయారు.

సాయంత్రం భోజనశాల గుమ్మంలో ఎవరూ లేరు. జనం మాస్కులు తామే తీసుకుని లోపలికి వెళ్ళారు, బయటికి వస్తూ తామే పెట్టుకున్నారు.

జెండా మళ్ళీ ఎక్కిన 4వ రోజు

మెట్లవాళ్ళం పట్టుబట్టి దింపించాక రెండు నెలలు ఖాళీగా ఉన్న కర్ర మీద ఆదివారం మళ్ళీ జెండా ఎక్కింది. గుడ్డలు ఆకుపచ్చగా వస్తున్నాయి, కాబట్టి ఎక్కించమని కబురు పంపింది నేనే. ఈసారి మెట్టుకిద్దరు చొప్పున కూర్చుని రాసుకున్నాం. మాస్కు అందరూ పెట్టుకోవాలి, పెట్టుకోనివాళ్ళు బూజు తగ్గేదాకా నలుగురిలోకి రాకూడదు. తాళం మాట ఎత్తినవాణ్ణి మాత్రం మా అత్త కర్ర పుచ్చుకుని తరుముతుంది. ఆమె నాకంటే గట్టిగా దగ్గుతోంది, బాగానే ఉంది. నిన్న ఇద్దరు కుర్రకుంకలు ముక్కు కిందికి మాస్కు దించుకుని తిరుగుతుంటే వాళ్ళ ఏడు తరాలనీ కడిగేసింది.

మధ్యాహ్నం పరంధామం వచ్చాడు. ఉద్యోగం పోయి రెండో మెట్టు మీద రాళ్ళు మోస్తున్నాడని విన్నాను. వరసలో అందరి వెనకా నిలబడి, తన వంతు వచ్చాక బల్ల ముందు కూర్చున్నాడు.

"మాస్కు లేదు. పాతవి రెండూ వాళ్ళు తీసేసుకున్నారు" అన్నాడు.

"గడ్డం ఎత్తండి" అన్నాను. కొలత తీసుకున్నాను. ముక్కు దూలంనించి గడ్డందాకా, చెవినించి చెవిదాకా. మెడ నా చేతుల్లో ఉంది.

"మస్తానమ్మా, ఆ రోజు నువ్వు నాకు తీశావు. వెంగయ్యకి నేను తియ్యలేదు. తియ్యగలిగీ తియ్యలేదు. పెద్ద తప్పు చేశాను. క్షమించమని అడగడానికి..."

"తల కదిలించకండి. కొలత పోతుంది."

 మంచి రబ్బరు ఏరి అంచు వేశాను. నాడాలు కుట్టాను. పొగ గదిలో నిలబెట్టి, పది మిరపకాయలు వెయ్యాల్సిన చోట ముప్ఫై వేశాను. లోపల కళ్ళు చిల్లులు పడేటంత ఘాటు. అతను ఒక్క దగ్గు దగ్గలేదు. నేను చేసిన మాస్కు మరి.

బయటికొచ్చి నాడా సర్దుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

"ఏదో ఒకటి అను. తిట్టైనా తిట్టు" అన్నాడు.

"మాస్కు ఊళ్ళో అందరికీ ఇస్తాం, మీకూ ఇచ్చాను. నెలకోసారి వచ్చి గుడ్డ మార్పించుకోండి. ఎన్నాళ్ళైనా చేస్తాను. మీరు అడిగిన రెండోది మాత్రం నా దగ్గర లేదు. ఉన్నా మీకివ్వను."

అతను వెళ్ళిపోయాడు. ఖాశింబీ సూదిలో దారం ఎక్కిస్తూ నన్నే చూస్తోంది.

"ఇంకా తగ్గలేదా అక్కా నీ కోపం?"

"వెంగయ్య ఇంటికొచ్చాడా?" అన్నాను.

ఆమె తల దించుకుని కుట్టుకోసాగింది. వరసలో తరవాతి వాళ్ళని పిలిచాను.